పాత క్రాస్‌బో ఇంటికొస్తే

సెకండ్‌హ్యాండ్ మోటార్ సైకిల్ కొనేవాడు ముందు కిక్కు కొడతాడు. బ్రేకు తొక్కి చూస్తాడు, పొగ రంగు చూస్తాడు, ఆర్‌సీ కాగితం అడుగుతాడు. అదే మనిషి చేతికి సెకండ్‌హ్యాండ్ క్రాస్‌బో వస్తే చేసే మొదటి పని వేరు. బలమంతా పెట్టి నారి లాగి ఎక్కుపెడతాడు. బాణం లేకుండానే ఒకసారి మీట నొక్కుతాడు. టప్పుమని శబ్దం వస్తే బాగా పనిచేస్తోందని సంబరపడతాడు. పాత క్రాస్‌బోను విరగ్గొట్టుకోవడానికి, దాంతోపాటు వేలో కన్నో పోగొట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

క్రాస్‌బోలో తుపాకీ కర్రలాంటి దిమ్మకు ముందువైపు అడ్డంగా విల్లు బిగించి ఉంటుంది. ఆ విల్లు రెండు సగాలే రెక్కలు. నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే అది అక్కడే ఆగిపోతుంది. మీట నొక్కినప్పుడు బాణం దూసుకెళ్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దీనితో వేటకు అనుమతి ఉంది కాబట్టి అక్కడ ఏటా కొత్త మోడళ్లు వస్తాయి, నాలుగు సీజన్లు వాడి అటకెక్కించినవి చౌకగా చేతులు మారతాయి. విదేశాల్లో ఉన్న బంధువుల సామానులోనో, ఆన్‌లైన్ బేరంలోనో అలాంటిదొకటి పొదిలికి, మార్కాపురానికి మధ్యనున్న కొనకనమిట్ల మండలంలో ఏదో ఒక ఇంటికి చేరడం ఇవాళ ఊహకందని సంగతేమీ కాదు. ఆ ఇంటివారికి ముందుగా చెప్పాల్సింది ఒక్కటే. ఈ నేల మీద అది వేటకు పనికిరాదు. కేవలం గురి కొట్టే సరదాకే ఉంచుకున్నా, పాతదైతే దాన్ని నమ్మే ముందు పరీక్షించాలి. పరీక్షకు నిలవకపోతే పక్కన పెట్టేయాలి.

దాని బలం ఎంతో అంకెల్లో చూస్తే ఈ మాట అతిగా అనిపించదు. ఒలింపిక్స్‌లో పురుషులు వాడే రికర్వ్ విల్లును లాగడానికి సాధారణంగా 45 నుంచి 50 పౌండ్ల బలం కావాలి. పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లుకు ప్రపంచ ఆర్చరీ సమాఖ్య పెట్టిన గరిష్ఠ పరిమితి 60 పౌండ్లు. వేట క్రాస్‌బోలు చాలావరకు 150 నుంచి 200 పౌండ్ల మధ్య ఉంటాయి. 25 గ్రాముల బాణం సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుంటే దాని శక్తి 125 జౌల్స్. మన దేశంలో లైసెన్సు లేకుండా కొనగలిగే ఎయిర్‌గన్‌కు నిబంధనలు పెట్టిన హద్దు 20 జౌల్స్. అంటే ఆరు రెట్లు పైమాటే. పైగా ఎయిర్‌గన్ గుండు మొద్దుగా ఉంటుంది, వేట బాణం ములికి బ్లేడులా ఉంటుంది.

మామూలు విల్లుకూ దీనికీ ఇంకో తేడా ఉంది. విల్లు లాగినవాడి చేయి నిమిషం తిరగకుండానే వణుకుతుంది. వదలడమో, దించడమో వెంటనే తేల్చుకోక తప్పదు. ఆ అలసటే మనిషిని అదుపులో పెడుతుంది. క్రాస్‌బోకు అలసట లేదు. ఎక్కుపెట్టి పక్కన పెట్టి, టీ తాగి వచ్చినా ఆ బలం అలాగే కాచుకుని ఉంటుంది. ఏళ్ల సాధన లేనివాడు కూడా దీనితో కవచాన్ని చీల్చగలడన్న భయం మధ్యయుగాల ఐరోపాను పట్టి పీడించింది. 1139లో రోమ్‌లోని లాటరన్‌లో జరిగిన మతాచార్యుల మహాసభ క్రైస్తవుల మీద క్రాస్‌బోలు, విల్లులు వాడకూడదని నిషేధం కూడా పెట్టింది. యుద్ధాల్లో ఆ నిషేధాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నేర్చుకోవడం తేలిక కావడమే దీని ప్రమాదమన్న సంగతిని మాత్రం వాళ్లు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటే గుర్తించారు.

ఇక వేట సంగతి. మార్కాపురం ప్రాంతంలో అడవిపంది పెట్టే బాధ తక్కువది కాదు. కంది చేను గానీ, వేరుశనగ చేను గానీ ఒక్క రాత్రిలో తొక్కి దున్నేస్తే రైతు కడుపు మండుతుంది. ఆ మంటలో కరెంటు తీగలు పెట్టేవారున్నారు, నాటు బాంబులు పెట్టేవారున్నారు. తుపాకీ కాదు కదా, చప్పుడు కూడా రాదు కదా అని క్రాస్‌బో వైపు చూసేవారూ ఉండొచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ సందు ఎప్పుడో మూసేసింది. ఆ చట్టంలో ఆయుధమంటే తుపాకీ ఒక్కటే కాదు. విల్లు, బాణం, వల, ఉచ్చు, విషం, జంతువును గాయపరచగల ఏ సాధనమైనా ఆయుధమే. వేట అంటే చంపడం ఒక్కటే కాదు, చంపడానికి చేసిన ప్రయత్నం కూడా వేటే. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టడం వేరే నేరం. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వైపు వెళ్లే జీపులో సరదాకని క్రాస్‌బో పడేసుకున్నా అంతే. 2022లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు జోలికి పోతే కనీసం మూడేళ్ల జైలు, ఏడేళ్ల దాకా పెరగొచ్చు. మన పొలాల్లో తిరిగే నెమలి ఆ షెడ్యూల్‌లోనే ఉంది.

పంటను పాడుచేసే అడవిపందుల విషయంలో చట్టం దారి పూర్తిగా మూయలేదు. 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారికి గానీ రాతపూర్వకంగా అనుమతించే వీలుంది. రైతు పోరాడాల్సింది ఆ అనుమతి కోసం, పంట నష్టానికి పరిహారం ఆలస్యం కాకుండా అందడం కోసం. చీకట్లో వదిలిన బాణంతో పంది అక్కడికక్కడే పడిపోదు. బాణంతోనే పొదల్లోకి పోతుంది. తెల్లారి అటు మేకలు తోలుకెళ్లే మనిషి మీదికి ఆ గాయపడ్డ పంది తిరగబడుతుంది. ఇది పరిష్కారం కాదు, కొత్త ప్రమాదం.

ఈ ప్రాంతంలో విల్లు పట్టే హక్కు గురించి మాట్లాడగలవారు ఎవరైనా ఉంటే వాళ్లు చెంచులే. పెద్దదోర్నాల, యర్రగొండపాలెం మండలాల గూడేల్లో విల్లు వాళ్లకు ఆటవస్తువు కాదు, తాతల నాటి ఒంటి మీది సొమ్ము. వాళ్లకు సైతం 2006 అటవీ హక్కుల చట్టం భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చింది గానీ వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. ఇవాళ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం బేస్ క్యాంపుల్లో చెంచు యువకులు అడవిని కాస్తున్నారు. అడవిని కన్నతల్లిగా చూసుకున్నవాళ్లే వేట మానుకుని కాపలా కాస్తుంటే, ఊళ్లోవాడు అటక మీది క్రాస్‌బో దించి ఆ అడవిలోకి పోవడానికి ఏ సాకూ లేదు.

ఇంట్లో అలాంటిది ఉంటే మొదట చేయాల్సింది పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడగడం. ఆయుధ చట్టం కింద దానికి ఏ అనుమతి కావాలో, ఉంచుకోవచ్చో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ తర్వాతే దుమ్ము దులపాలి.

దుమ్ము దులిపేటప్పుడు దాన్ని ఎక్కుపెట్టకూడదు. ముందు దిమ్మ మీదో, రెక్కల మీదో కంపెనీ అంటించిన చీటీ కోసం వెతకాలి. మోడల్ పేరు, ఎన్ని పౌండ్లు, ఎంత పొడవు బాణం, కనీసం ఎంత బరువు బాణం, బాణం తోక ఏ ఆకారంలో ఉండాలి అన్నవి దాని మీదో, దాని పుస్తకంలోనో ఉంటాయి. చీటీ చిరిగిపోయి, పుస్తకం దొరకక, మోడలేదో తేలకపోతే ఆ క్రాస్‌బోతో బాణం వేయకూడదు. మోడల్ తెలిస్తే అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వెబ్‌సైట్లో ఆ పేరు వెతకాలి. లోపాలున్నాయని కంపెనీలే వెనక్కి పిలిచిన క్రాస్‌బోలు ఆ జాబితాల్లో ఉన్నాయి. అమ్మేవాడు ఆ సంగతి చెప్పడు, చాలాసార్లు అతనికీ తెలియదు.

తర్వాత రెక్కలు. బాణాన్ని నెట్టే బలమంతా వాటిలోనే ఉంటుంది. ఇప్పటి రెక్కలు ఫైబర్‌గ్లాస్ పొరలు అతికించి చేసినవి. వెలుతురులో పట్టుకుని రెండు వైపులా చూడాలి. తెల్లటి గీతలు, పొర లేచిన అంచులు, బోల్టు చుట్టూ సన్నటి పగుళ్లు ఉంటే అక్కడితో పరీక్ష ముగిసినట్టే. కంటికి కనిపించనివి దూదికి దొరుకుతాయి. చిన్న దూదిపింజ తీసుకుని రెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జార్చాలి. ఎక్కడైనా ఒక్క పోగు చిక్కుకుందంటే అక్కడ ఫైబర్ లేచింది. వేలితో తడిమితే ఆ నార చర్మంలోకి దిగుతుంది, అందుకే దూది. పాత మోడళ్లలో ఉక్కు రెక్కలుంటాయి. వాటికి తుప్పు పట్టి గుంటలు పడితే బయటికి గట్టిగానే కనిపిస్తాయి గానీ, ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా విరుగుతాయి. తుప్పుపట్టిన ఉక్కు రెక్క గోడకు తగిలించుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

నారి సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మైనం ఎండిపోయి నూగు లేచిన నారికి మైనం రాసి వేళ్లతో రుద్దితే సరిపోతుంది. ఒక్క పోగైనా తెగితే మాత్రం నారి మార్చాల్సిందే. నారి మధ్యలో, కొక్కెం పట్టుకునే చోట గట్టిగా దారం చుట్టి ఉంటుంది. ఆ చుట్టు వదులై జరుగుతుంటే లోపలి పోగులు కొక్కేనికి నేరుగా రాసుకుని తెగుతాయి. రోజూ వాడకపోయినా రెండు మూడేళ్లకోసారి నారి మార్చడం మంచి అలవాటు. సెకండ్‌హ్యాండ్‌లో వచ్చినదానికి నారి వయసు ఎవరికీ తెలియదు కాబట్టి, కొత్త నారి వేసేదాకా అది లేనట్టే లెక్క. కొత్తదంటే ఆ మోడల్‌కు చెప్పిన నారే. కిరాణా కొట్లో దొరికే నైలాన్ తాడు, చేపల గాలం దారం పేని వేసేవాళ్లు ప్రాణంతో చెలగాటమాడుతున్నట్టే. మరీ పాత రెక్కలను డాక్రాన్ నారికి తగినట్టు చేశారు. అది లాగినప్పుడు కాస్త సాగి దెబ్బను మింగుతుంది. అసలు సాగని కొత్తరకం నారి వేస్తే ఆ దెబ్బంతా రెక్క చివర్లకు పోతుంది. చక్రాలున్న కాంపౌండ్ రకానికైతే నారి ఇంట్లో మార్చే ప్రయత్నమే చేయకూడదు. దానికి విల్లును నొక్కిపట్టే ప్రెస్ కావాలి. ఇద్దరు రెక్కలు వంచి పట్టుకుంటే మూడోవాడు నారి తగిలించే పద్ధతిలో ముగ్గురికీ దెబ్బ తగులుతుంది.

బిగుసుకున్నదేదైనా కొబ్బరినూనె పోయడం మన ఊళ్లలో బాగా అలవాటు. కుట్టుమిషన్ మీదా, తలుపు గడియ మీదా పనిచేసే వైద్యమే మీట ఉన్న పెట్టెలోనూ పనిచేస్తుందనుకుంటారు. నూనె పట్టిన చోట దుమ్ము చేరి గట్టిపడితే కొక్కెం సగమే పట్టుకుంటుంది. సగం పట్టిన కొక్కెం ఎవరూ మీట నొక్కకుండానే జారిపోతుంది. మీట పెట్టె విప్పి బాగుచేసే పని తెలిసిన మనిషికే వదిలేయాలి. సేఫ్టీ ఉంది కదా అని ధీమా పడటం కూడా తప్పే. పాత మోడళ్లలో అది అరిగిపోయి ఉంటుంది. బాణం లేకపోతే మీటను పడనివ్వని ఏర్పాటు కొత్త మోడళ్లలో ఉంటుంది, పాతవాటిలో చాలావాటికి ఉండదు. మొదట్లో చెప్పిన ఆ టప్పుమనే శబ్దం ఎందుకంత చేటో ఇక్కడ తెలుస్తుంది. బాణం ఉంటే ఆ బలాన్ని బాణం మోసుకుపోతుంది. లేకపోతే అదంతా రెక్కల్లోకి తిరిగొస్తుంది. ఒక్క దెబ్బకే రెక్క చీలొచ్చు, నారి తెగి ముఖానికి తగలొచ్చు. మరీ తేలికైన బాణం వేసినా, నారికి సరిగా కూర్చోని తోకతో వేసినా జరిగేది అదే.

బాణాలు కూడా పాతవే వస్తాయి. కార్బన్ బాణాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులతో కొద్దిగా వంచి వినాలి. చిటపటమంటే లోపల పగిలిందని అర్థం. అలాంటిది వదిలిన క్షణంలోనే ముక్కలై చేతిలో దిగుతుంది. వెల్డింగ్ షాపులో సాన పట్టించిన ఇనుప చువ్వలు, ఇంట్లో చెక్కిన వెదురు పుల్లలు ఇందులో పెట్టకూడదు.

అన్నీ బాగున్నాయని తెలిసిన మనిషి తేల్చాక కూడా ఎక్కడ వేస్తారన్నది మిగిలే ఉంటుంది. మార్కాపురం చుట్టుపక్కల పలకరాతి గుట్టలు మనుషులు లేకుండా, గోడల్లా నిలబడి కనిపిస్తాయి. గురి కొట్టడానికి ఎంతో అనువనిపిస్తాయి. రాతికి తగిలిన బాణం ముక్కలవుతుంది, లేదా ఏటవాలుగా లేచి ఎటు పోతుందో తెలియదు. గురి వెనక మనిషి ఎత్తును మించిన మెత్తటి మట్టికట్ట ఉండాలి. పైకెత్తి వదిలిన బాణం 300 మీటర్లు దాటి వెళ్లగలదు, కాబట్టి ఆ దూరంలో ఏ దారి, ఏ కళ్లం ఉన్నాయో చూసుకోవాలి. ఎక్కుపెట్టేటప్పుడు ముందున్న రికాబులో పాదం దూర్చి, రెండు చేతులతో సమంగా లాగాలి. ఆ లాగే క్షణంలో బాణం అందులో ఉండకూడదు. బాణం వేసేటప్పుడు దిమ్మను పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు నారి పరుగెత్తే గాడికి కిందే ఉండాలి, పైకి వస్తే వేలు తెగిపోతుంది. క్రాస్‌బోలతో జరిగే గాయాల్లో తరచుగా వినిపించేది ఈ బొటనవేలి గాయమే. రెక్కలు విదిలించుకుంటాయి కాబట్టి రెండు పక్కలా చేయి చాపినంత దూరంలో స్తంభం గానీ, మనిషి గానీ ఉండకూడదు. వేయాలన్న ఆలోచన మారితే నారి దించడానికి వేరే దారి వెతక్కుండా, మొద్దు మొన ఉన్న బాణాన్ని మట్టికట్టలోకి వదిలేయాలి. ఎక్కుపెట్టిన క్రాస్‌బోను ఇంట్లోకి తేవడం ఏ పరిస్థితిలోనూ క్షమించరానిది.

మన ఎండల గురించి పరాయి దేశపు పుస్తకాల్లో ఉండదు. మే నెలలో మార్కాపురం, గిద్దలూరుల్లో 44, 45 డిగ్రీలు కాస్తుంది. రేకుల కప్పు కింది అటక మీద, మూసిన కారు డిక్కీలో అంతకు మించి ఉడుకుతుంది. ఆ వేడికి పొరల మధ్య జిగురు వదులుతుంది, నారి మైనం కరిగిపోతుంది. నీడ పట్టున, గాలి ఆడే గదిలో, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. బాణాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. ఉండేలుతో పిట్టల్ని కొట్టే వయసు పిల్లలున్న ఇంట్లో ఈ రెండో తాళం మరీ ముఖ్యం.

ఇంత జాగ్రత్త పడాల్సిన వస్తువు కోసం తాపత్రయపడే కుర్రాడికి నిజంగా ఉన్నది గురి మీద ఇష్టమే అయితే, అతనికి ఇంతకంటే మంచి దారి మన రాష్ట్రంలోనే ఉంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు గెలిచింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కొత్తగా చేరుతోంది. రాజస్థాన్‌లో వెదురు విల్లుతో పెరిగిన గిరిజన కుర్రాడు లింబారామ్‌ను 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ప్రతిభాన్వేషణలో ఎంచుకుంటే, ఆ మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో ఆడాడు. నల్లమల గూడేల్లో అలాంటి చేతులు లేవని ఎవరు చెప్పగలరు?

ఆర్చరీ మైదానంలో మొదట నేర్పేది గురి కాదు, విజిల్. రెండు విజిళ్లకు గీత దగ్గరకు రావాలి, ఒకదానికి బాణాలు వేయాలి, మూడింటికి వెళ్లి బాణాలు తెచ్చుకోవాలి. అయిదు వినబడితే నారి మీది బాణం కూడా దించేయాలి. ఎవరి బాణాలు ముందు అయిపోయినా విజిల్ వినిపించేదాకా ఒక్కరూ గీత దాటరు. ఇంటి వెనక చేలో ఒంటరిగా క్రాస్‌బో పట్టుకున్న కుర్రాడికి ఈ క్రమశిక్షణ ఎవరు నేర్పుతారు? ఆ పాత నారిని, ఆ రెక్కను పరీక్షించి చూసే కోచ్ ఎక్కడ దొరుకుతాడు?

అందుకే ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థకు, జిల్లా అధికారులకు ఒక విన్నపం. మార్కాపురంలో గానీ, పెద్దదోర్నాలలో గానీ ఒక ఆర్చరీ రేంజ్ పెట్టండి. 70 మీటర్ల బారు, వెనక ఎత్తైన మట్టికట్ట, ఒక కోచ్, విల్లు సరిచేసే ఒక ప్రెస్ ఉంటే మొదలుపెట్టవచ్చు. చెంచు పిల్లలకు అందులో మొదటి చోటు ఇవ్వండి. ఇళ్లలో పాత క్రాస్‌బోలు ఉన్నవారు ఆ రేంజ్ వచ్చేదాకా వాటిని ఎక్కుపెట్టకుండా, బాణాలు వేరే తాళంలో పెట్టి, పోలీస్ స్టేషన్‌లో చెప్పి ఉంచండి.